పది రోజుల సెలవుతో విదేశంలో సేవ: ఏ పనికి వెళ్ళాలి, ఏ పనికి వద్దు

సంక్రాంతికో దసరాకో నాలుగైదు లీవులు కలుపుకుంటే తొమ్మిది, పది రోజులు వస్తాయి. ఈసారి గోవా, ఊటీ కాకుండా ఏదైనా దేశం వెళ్ళి నలుగురికీ పనికొచ్చే పని చేద్దామని అనిపించినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వెతకడం మొదలుపెడితే నేపాల్‌లో పిల్లలకు పాఠాలు, థాయిలాండ్‌లో ఏనుగులు, కంబోడియాలో అనాథాశ్రమం, దక్షిణాఫ్రికాలో సింహం కూనలు అన్నీ ఒకే రకం నవ్వుల ఫోటోలతో పక్కపక్కనే కనిపిస్తాయి. కానీ అన్నీ ఒకటి కావు. కొన్ని నిజంగా పనికొస్తాయి. కొన్ని మన జేబుకు చిల్లు పెట్టి ఊరుకుంటాయి. ఇంకొన్నిటి వల్ల అక్కడివాళ్ళకే నష్టం.

నేను రెండుసార్లు వెళ్ళాను, రెండూ నేపాల్‌కే. మొదటిసారి ఒక ఏజెన్సీకి 38 వేలు కట్టి, పోఖరా దగ్గర ఒక చిన్న బడిలో వారం రోజులు ఇంగ్లిష్ చెప్పడానికి వెళ్ళాను. మొదటి రోజు 'మై ఫ్యామిలీ' పాఠం మొదలుపెట్టి, బోర్డు మీద 'ఫాదర్' రాసి వెనక్కి తిరిగేసరికి మిగతా పాఠమంతా పిల్లలు నాకే అప్పజెప్పేశారు. ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి తన నోటు పుస్తకం తెచ్చి చూపించింది. అదే పాఠం, ఆరు తేదీలు. ఆరు చోట్లా దిద్దిన ఎర్ర ఇంకు చేతిరాతలు ఆరు రకాలు. ఏడోది నాది. ఆ వారమంతా వాళ్ళ అసలు టీచరు వెనక బెంచీలో కూర్చుని తన సిలబస్ ఎక్కడ ఆగిందో లెక్క చూసుకుంటోంది. నేను కట్టిన డబ్బులో బడికి ఎంత వచ్చిందని హెడ్‌మాస్టర్ని అడిగితే, ఆయన నవ్వి టీ తెప్పించారు.

అప్పటి నుంచి ఎవరు సలహా అడిగినా నేను చూసేవి రెండే. ఆ పని కొత్తవాళ్ళకు ఉదయం చెబితే మధ్యాహ్నానికి చేతికొస్తుందా? మీరు వెళ్ళిపోయిన మర్నాడు ఎవరికీ లోటు రాకుండా సాగిపోతుందా? చేతిలో పది రోజులంటే రానూపోనూ రెండు రోజులు పోతాయి, అక్కడి నీళ్ళూ తిండీ పడేసరికి ఇంకో రోజు పోతుంది. మిగిలేది ఆరేడు రోజులు. పనిని ఆ ఆరేడు రోజులతోనే తూచాలి.

ముందు వదిలేయాల్సినవి

అనాథాశ్రమాలకు అసలు వెళ్ళకండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. కంబోడియాలో 2005 నుంచి 2010 లోపు, దేశంలో పేదరికం తగ్గుతున్న ఆ కాలంలోనే, అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. వాటిలో ఉన్న పిల్లల్లో నాలుగింట మూడొంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ లెక్కల్లో తేలింది. పెరిగింది అనాథలు కాదు, అంకోర్‌వాట్ చూడటానికి వచ్చి ఒక పూట పిల్లలతో గడిపి డబ్బిచ్చి వెళ్ళే టూరిస్టులు. వాళ్ళ కోసం ఊళ్ళ నుంచి పిల్లల్ని తీసుకొచ్చారు. 'పిల్లలు చూడదగ్గ స్థలాలు కారు' అని 2011లో అక్కడ పెద్ద ప్రచారమే నడిచింది. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వంపై చట్టం తెచ్చినప్పుడు ఈ అనాథాశ్రమాల వ్యాపారం కూడా పార్లమెంటులో చర్చకు వచ్చింది. నేపాల్‌లోనూ ఇలాంటి ఆశ్రమాలు మారుమూల కొండ జిల్లాల్లో కంటే ఖాట్మండు, పోఖరా, చిత్వన్ లాంటి టూరిస్టులు తిరిగే చోట్లే ఎక్కువ. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, వారం రోజులు ఎత్తుకుని ఆడించి, చేరిక చేసుకుని, ఎనిమిదో రోజు ఎయిర్‌పోర్టుకు వెళ్ళిపోయే మనిషి ఆ పిల్లకు ఏమవుతాడు? మన ఇంట్లో పిల్లల దగ్గరికి వారానికో కొత్త మనిషిని పంపిస్తామా?

సింహం కూనలకు పాలు పట్టడం, వాటితో నడవడం లాంటి దక్షిణాఫ్రికా ప్యాకేజీలు కూడా ఈ కోవలోవే. తల్లి వదిలేసిన కూనలని చెబుతారు. చాలాచోట్ల వాటిని పుట్టిన కొద్ది రోజులకే తల్లి నుంచి వేరు చేస్తారు. మనుషులకు అలవాటు పడిన సింహం మళ్ళీ అడవిలో బతకలేదు. అది పెద్దయ్యాక కంచె లోపల తుపాకీ వేటకు అమ్ముడుపోయే వ్యాపారం అక్కడ దశాబ్దాలుగా ఉంది.

బడి పాఠాలు అంత చెడ్డవి కావు గానీ, నా కథ చెప్పాను కదా. మూడు నెలలుండి ఒక తరగతికి ఒక పుస్తకం పూర్తి చేయగలిగితే వెళ్ళండి. వారానికైతే వద్దు. ఒకవేళ వెళ్ళినా పిల్లలకు కాకుండా టీచర్లకు ఏదైనా నేర్పగలరేమో చూడండి.

ఒళ్ళు వంచే పనులు

కొత్తవాళ్ళకు వెంటనే చేతికొచ్చేవి ఇవే.

ఏనుగుల సంరక్షణ అంటే ముందు థాయిలాండ్‌లోని చియాంగ్ మయి పేరే వస్తుంది. అక్కడి ఎలిఫెంట్ నేచర్ పార్క్‌ను సెంగ్‌డ్యువెన్ చాయిలెర్ట్ అనే ఆవిడ నడుపుతారు, అందరూ లెక్ అంటారు. లెక్ అంటే థాయ్‌లో చిన్నది అని అర్థం. దుంగలు లాగించిన, సవారీలకు తిప్పిన ముసలి ఏనుగులు అక్కడ చాలా ఉన్నాయి. 2024 అక్టోబరు వరదల్లో పార్కు మునిగి, వందకు పైగా ఏనుగుల్ని పైకి తరలించాల్సి వచ్చింది, రెండు చనిపోయాయి. వాలంటీరుగా వారం ఉండొచ్చు. మా ఆఫీసులో టెస్టింగ్ టీమ్ అమ్మాయి ఒకతె వెళ్ళొచ్చింది. ఫోటోలు అడిగితే ముందు పుచ్చకాయల గుట్ట చూపించింది. ఏనుగు రోజుకి దాదాపు 150 కిలోలు తింటుంది. ఆ తిండి లారీల్లోంచి దింపాలి, కడగాలి, పళ్ళు లేని ముసలివాటికి మెత్తగా ముద్దలు చేయాలి. తిన్నదంతా బయటికొచ్చాక పారతో ఎత్తిపోయాలి. "ఏనుగుని ముట్టుకున్నది తక్కువ, దాని పేడ ఎత్తిందే ఎక్కువ" అంది. మంచి చోటుకి అదే గుర్తు. ఏనుగు మీద ఎక్కిస్తామన్నా, నీళ్ళలో దానితో ఆడుకోవచ్చన్నా వేరే చోటు చూసుకోండి.

ఇందులో ఇబ్బందులూ ఉన్నాయి. వారానికి బస, భోజనంతో కలిపి పన్నెండు వేల బాట్ పైనే పెట్టుకోవాలి, విమానం ఖర్చు వేరు. జీతం లేని పనిని కూడా పనిగానే చూసే దేశాల్లో థాయిలాండ్ ఒకటి. కాబట్టి ఏ సంస్థకు వెళ్ళినా వీసా, పర్మిట్ సంగతి వాళ్ళనే రాతపూర్వకంగా అడగండి. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా చియాంగ్ మయి చుట్టూ పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు ఆ నెలల్లో వెళ్ళకండి. సంక్రాంతి సెలవులకైతే వాతావరణం హాయిగా ఉంటుంది.

పొలం పని ఇంకో దారి. వూఫ్ అనే ఏర్పాటు 1971లో ఇంగ్లండ్‌లో మొదలైంది. రోజుకి నాలుగు నుంచి ఆరు గంటలు సేంద్రియ పొలంలో పని చేస్తే తిండి, పడక ఇస్తారు. డబ్బు చేతులు మారదు. ఏ దేశానికి ఆ దేశపు సభ్యత్వం విడిగా తీసుకోవాలి. వర్కవే లాంటి సైట్లలో పొలాలే కాక హాస్టళ్ళు, ఇళ్ళు కూడా ఉంటాయి. ఖర్చు చూస్తే ఇది అన్నిటికంటే చవక. కానీ దీన్ని సేవ అనుకోకండి, ఇచ్చిపుచ్చుకోవడం అనుకోండి. అక్కడ మీరు చేసేది ఒక రైతుకి సాయం, అంతే. ఆ స్పష్టత ఉన్నవాళ్ళు చాలా ఆనందంగా తిరిగొస్తారు. టూరిస్టు వీసాతో యూరప్ వెళ్ళి వూఫ్ చేయడం మాత్రం చిక్కే. ఎయిర్‌పోర్టులో ఆ మాట చెబితే వెనక్కి పంపినా పంపుతారు. బ్రిటన్‌లో విజిటర్ వీసా మీద రిజిస్టరైన ఛారిటీకి 30 రోజుల వరకు వాలంటీరుగా పని చేయొచ్చు, కానీ ప్రైవేటు పొలం ఛారిటీ కాదు కదా.

ఇక ఇళ్ళు కట్టడం. హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ 1976 నుంచి ఉంది. మనలాంటివాళ్ళని టీములుగా తీసుకెళ్తుంది. దీని మీద నాకు రెండు మనసులున్నాయి. మనలో తాపీ పట్టినవాళ్ళు ఎంతమంది? విమానం టికెట్టుకు పెట్టే డబ్బుతో అక్కడి మేస్త్రీకి, ఇద్దరు కూలీలకు నెల రోజుల పని దొరుకుతుంది. ఆ మాట నిజమే. కానీ మనిషి వెళ్తేనే విరాళం కదిలే మాట కూడా నిజమే. పైగా సరిగ్గా నడిపితే వారం తక్కువేం కాదు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, ఆయన భార్య 1984 నుంచి ఏటా ఒక వారమే ఈ పనికి వెళ్ళేవారు. 2006లో మన లోనావాలా దగ్గరికీ వచ్చారు. పునాదులు, డిజైన్లు, మేస్త్రీలు అన్నీ ముందే సిద్ధంగా ఉంటే ఇటుకలు అందించే చేతులకు విలువ ఉంటుంది. అది లేని చోట, మనం వంకరగా కట్టిన గోడను మేస్త్రీ సాయంత్రం పడగొట్టి మళ్ళీ కట్టాల్సి వస్తుంది. మీ కంపెనీ టీమ్‌గా పంపిస్తూ ఖర్చు భరిస్తుంటే వెళ్ళండి. సొంత డబ్బయితే నేను వెళ్ళను.

శ్రీలంకలో సర్వోదయ

ఏజెన్సీల జాబితాల్లో ఈ పేరు పెద్దగా కనిపించదు, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. ఎ.టి. అరియరత్నె అనే కొలంబో బడిపంతులు 1958లో తన విద్యార్థుల్ని కనతొలువ అనే వెలివేతకు గురైన ఊరికి తీసుకెళ్ళి, ఊరివాళ్ళతో కలిసి పని చేయించారు. అదే తర్వాత సర్వోదయ శ్రమదాన ఉద్యమమై వేల గ్రామాలకు పాకింది. ఆయనకు 1969లో మెగసెసే, 1996లో మన ప్రభుత్వం ఇచ్చే గాంధీ శాంతి బహుమతి వచ్చాయి. 2024లో కన్నుమూశారు. ఆయనకు స్ఫూర్తి ఇచ్చినవాళ్ళలో గాంధీతో పాటు వినోబా భావే ఉన్నారు. వినోబా భూదానం మొదలైంది 1951 ఏప్రిల్‌లో మన పోచంపల్లిలో, వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన వందెకరాలతో. అంటే ఈ తీగ అప్పటి మన నల్గొండ జిల్లా నుంచే పాకింది.

శ్రమదానం అంటే ఏమిటో మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడగండి, బడి రోజుల్లో తట్టలు మోసి రోడ్డు వేసిన సంగతులు చెబుతారు. అక్కడా అంతే. కాలువ పూడిక తీయడం, బావి దగ్గర మట్టి మోయడం, మధ్యాహ్నం అందరూ కలిసి అన్నం తినడం. పని ఏమిటో ఊరే నిర్ణయిస్తుంది, పనివాళ్ళలో ఊరివాళ్ళే ఎక్కువ, మనం పది చేతుల్లో రెండు చేతులం. పది రోజుల మనిషికి ఇంతకంటే సరిపోయే చోటు నాకు కనిపించలేదు. కాకపోతే ప్యాకేజీలా రెడీగా ఉండదు. మొరటువలోని వాళ్ళ ముఖ్య కార్యాలయానికి నెలల ముందే రాసి, మీ తేదీల్లో ఏ ఊళ్ళో ఏముందో కనుక్కోవాలి. జవాబు ఆలస్యమైతే విసుక్కోకండి.

మే పున్నమికి వెళ్తే ఇంకోటి చూస్తారు. వెసాక్ రోజుల్లో వీధి వీధికీ 'దన్సల్' పెట్టి దారిన పోయేవాళ్ళందరికీ ఉచితంగా అన్నం, ఐస్‌క్రీమ్, టీ పంచుతారు. దాని కోసం ఏ ఏజెన్సీకీ డబ్బు కట్టక్కర్లేదు, గరిటె అందుకుంటే ఎవరూ వద్దనరు.

వంటింటి సేవ

పన్నెండు రోజులు దొరికితే, మీరు ఇదివరకే విపశ్యన అనే మౌన ధ్యానం పదిరోజుల కోర్సు చేసి ఉంటే, ధమ్మసేవ, అంటే కోర్సుకు వచ్చినవాళ్ళకు వండి వడ్డించే పని, ఆలోచించండి. ఖాట్మండు పైన బుఢానీలకంఠలో ధమ్మ శృంగ ఉంది, శ్రీలంకలో క్యాండీ దగ్గర ధమ్మ కూట ఉంది. తెల్లవారుజామునే లేచి కూరగాయలు తరగడం, వడ్డించడం, గిన్నెలు తోమడం, మధ్యలో గంట చొప్పున రోజుకి మూడుసార్లు ధ్యానం. ఫీజు లేదు, భోజనం, పడక వాళ్ళే చూస్తారు. ఫోను అత్యవసరానికే, ఆఫీసు కాల్స్ కుదరవు. కోర్సు చేయనివాళ్ళని సేవకు తీసుకోరు.

నిజం చెప్పాలంటే ఇదే పని మన హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మ ఖేత్తలోనూ చేయొచ్చు, టికెట్టు డబ్బు మిగులుతుంది. విదేశం చూసినట్టూ ఉండాలి, చేతికి పనీ ఉండాలి, ఖర్చు మాత్రం కాకూడదు అనుకునేవాళ్ళకు నేపాల్ బాగుంటుంది.

మీ వృత్తే మీ సేవ అయితే

నా రెండో నేపాల్ ప్రయాణం ఇది. లలిత్‌పూర్‌లో అల్లికలు అమ్మే ఒక చిన్న మహిళా సంఘం. వాళ్ళ లెక్కలన్నీ విక్రమ సంవత్‌లో ఉంటాయి. ఆ క్యాలెండరులో నెలకు 29 నుంచి 32 రోజుల దాకా ఎన్నైనా ఉండొచ్చు, ఏడాదికేడాదికీ మారుతుంది. దానికి సులువైన సూత్రం అంటూ లేదు, పట్టిక చూసుకోవాల్సిందే. ఆర్థిక సంవత్సరం జూలై మధ్యలో మొదలవుతుంది. విరాళమిచ్చే విదేశీ సంస్థలకేమో ఇంగ్లిష్ తేదీల్లో రిపోర్టు కావాలి. అకౌంట్లు చూసే దీదీ ప్రతి మూడు నెలలకూ గోడ క్యాలెండరు పక్కన పెట్టుకుని ఒక్కో బిల్లు తేదీని వేలితో వెతికి మార్చి రాసేది. రెండు నెలలు హైదరాబాద్ నుంచే, వారానికి రెండు రాత్రులు వీడియో కాల్‌లో కూర్చుని ఎక్సెల్‌లో ఆ పట్టిక కట్టాను. తర్వాత ఎనిమిది రోజులు వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. మూడో రోజు ఆమె నా తప్పు పట్టుకుంది. ఒక ఏడాది జేఠ్ నెలకు ఒక రోజు తక్కువ వేశాను. ఆరో రోజు నుంచి నన్ను మౌస్ ముట్టనివ్వలేదు.

అందుకే అకౌంట్లు, సాఫ్ట్‌వేర్, డిజైన్, ఫోటోగ్రఫీ, నీటి పరీక్షలు, విద్యుత్ పనులు తెలిసినవాళ్ళందరికీ నా సలహా ఒకటే. ముందు ఆన్‌లైన్‌లో మొదలుపెట్టండి. పని ముదిరి, ఎదురుగా కూర్చుంటే తప్ప తెగదు అనిపించినప్పుడే టికెట్ కొనండి. ఐక్యరాజ్యసమితి ఆన్‌లైన్ వాలంటీర్ల విభాగంలో వారానికి 20 గంటలు దాటని, 12 వారాలు మించని పనులు దొరుకుతాయి. ప్రయాణం అసలు కుదరనివాళ్ళకు మ్యాపుల పని ఉంది. 2015 ఏప్రిల్‌లో నేపాల్‌ను 7.8 తీవ్రతతో భూకంపం కుదిపేసినప్పుడు, ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది ఇళ్ళల్లో కూర్చునే ఉపగ్రహ చిత్రాలు చూసి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దారులు, ఇళ్ళు గీశారు. సహాయ బృందాలు ఆ మ్యాపులు పట్టుకుని వెళ్ళాయి.

డాక్టర్లు, నర్సుల సంగతి వేరు. ఆపరేషన్ స్మైల్ లాంటి సంస్థలు పెదవి, అంగిలి చీలిన పిల్లలకు శస్త్రచికిత్సలు చేయడానికి తక్కువ రోజులకే తీసుకెళ్తాయి, అర్హతలు గట్టిగా చూస్తాయి. అర్హతలు చూడని సంస్థనే అనుమానించాలి. ఎంబీబీఎస్ రెండో ఏడు పిల్లలతో ఇంజెక్షన్లు చేయిస్తామనే ప్యాకేజీలు ఉన్నాయి. ఇక్కడ చేయనివ్వని పని అక్కడ చేయనిస్తున్నారంటే, అక్కడి రోగి ప్రాణం చవక అనే కదా.

డబ్బు కట్టే ముందు

మధ్యవర్తి ఏజెన్సీ ఉంటే, చివరి సంస్థ పేరు చెప్పమనండి, వాళ్ళతో నేరుగా మాట్లాడించమనండి. అక్కడే చాలా ఏజెన్సీల గొంతు మారుతుంది. పిల్లలున్న చోట పోలీస్ క్లియరెన్స్ అడగకుండా రానిస్తున్నారంటే, మిమ్మల్నే కాదు ఎవర్నైనా రానిస్తారని అర్థం. విదేశీ టూర్ ప్యాకేజీగా బిల్లు వేస్తే టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. అది పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ, అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది.

నేపాల్‌కు మనకి వీసా అక్కర్లేదు. కానీ విమానంలో వెళ్ళేవాళ్ళకి పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు, అరవై ఐదు దాటిన పెద్దవాళ్ళకు తప్ప ఆధార్ పనికిరాదు. కెన్యా, ఉగాండా లాంటి దేశాలకు వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. లేకపోతే తిరిగొచ్చినప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెడతారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. జంతువులతో పనైతే రేబిస్ టీకా గురించి మీ డాక్టరుతో మాట్లాడండి.

అమెరికా పాస్‌పోర్టున్న మనవాళ్ళు ఇటు వచ్చి సొంత ఊళ్ళో ఏదైనా చేద్దామనుకుంటే, భారత ఈ-టూరిస్ట్ వీసా మీద జీతం లేని స్వల్పకాల సేవకు ఒక నెల దాకా అనుమతి ఉంది. వేసవిలో మనవల్ని తీసుకొచ్చి ఊరి బడిలో ఇంగ్లిష్ చెప్పించే తాతయ్యలు పైన నా 'మై ఫ్యామిలీ' కథ ఇంకోసారి చదవగలరు.

చివరగా తేదీల సంగతి, ఇక్కడ మనవాళ్ళు తరచూ దెబ్బతింటారు. మన దసరా సెలవులప్పుడే నేపాల్‌లో దశైన్. పదిహేను రోజుల పండుగ, ఖాట్మండు సగం ఖాళీ అయి ఊళ్ళకు పోతుంది, ఆఫీసులు మూసేస్తారు. ఆ రోజుల్లో సేవకు రమ్మని పిలిచే ఏజెన్సీ ఎవరితో పని చేయిస్తుందో అడగండి. దీపావళి వారం తిహార్, అప్పుడూ అంతే. ఏప్రిల్ మధ్యలో థాయిలాండ్, శ్రీలంక రెండింటికీ కొత్త సంవత్సరం. నేను వచ్చే సంక్రాంతికి లలిత్‌పూర్ అనుకుంటున్నాను. చలి చంపేస్తుంది గానీ, దీదీ ఆఫీసు తెరిచే ఉంటుంది. టికెట్ ఇంకా తీసుకోలేదు. నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది: పట్టికలో వచ్చే ఏడాది నెలలు తనే ఎక్కించేసిందట, వస్తే ఊరికే టీ తాగడానికి రమ్మంది.